మూడో వరస కుట్టు

అల్లుడి బండి చప్పుడు వీధి మలుపులోనే గుర్తుపట్టాడు మేస్త్రి. ఒళ్ళో బోర్లించుకున్న సీటు మీంచి తల మాత్రం ఎత్తలేదు. బైకులకూ స్కూటర్లకూ సీటు కవర్లు కుట్టడం అతని పని. పాత కవరు తాలూకు పిన్నులు ఊడదీస్తున్నాడు. స్క్రూడ్రైవరు మొన పిన్ను కిందికి దూర్చి మణికట్టు ఇంత తిప్పితే చాలు, పిన్ను ఎగిరి పక్కనున్న రేకు డబ్బాలో పడుతుంది. ఆ చప్పుడు విన్నాక మాత్రం ఒకటి రెండు పిన్నులు డబ్బా తప్పి ఎక్కడో పడ్డాయి.

అల్లుడు బండిని ఎండలోనే ఆపి, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డాడు. పార్సిళ్ళు ఇంటింటికీ చేరవేసే ఉద్యోగం అతనిది. ఏ ఇంటికి వెళ్ళినా ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడటం ఆ ఉద్యోగంతో వచ్చిన అలవాటు. ఇక్కడ మాత్రం రెండు కాళ్ళూ బయటే ఉన్నాయి.

"గువ్వ ఏం చేస్తోంది మామయ్యా?"

"పడుకుంది."

కొట్టు వెనకే ఇల్లు. పడుకున్న గువ్వ లోపల గొంతెత్తి పాడుతోంది. ఇద్దరూ విన్నారు. విననట్టు ఉండటం ఈ మధ్య ఇద్దరికీ బాగా అబ్బింది. పాట ఉన్నట్టుండి ఆగిపోయింది. మేస్త్రి భార్య పిల్ల నోట్లో బిస్కెట్ పెట్టి ఉంటుంది.

కూతురు కోట మీంచి పడి పోయినప్పటి నుంచీ నాలుగేళ్ళ గువ్వ అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. కన్నతండ్రి దాన్ని చూడాలంటే ఇలా గడప బయట నిలబడి అడగాలి. కోట మీద ఫోటో తీస్తూ పెళ్ళాన్ని వెనక్కి, ఇంకా వెనక్కి జరగమన్నవాడు రేపు పిల్లని ఏం చూస్తాడని ఊరంతా అంది. ఊరంతా కలిపి అన్నదానికంటే మేస్త్రి ఒక్కడూ ఎక్కువ అన్నాడు. దుఃఖం వచ్చినప్పుడు మనిషికి ఆనుకోవడానికో, తల బాదుకోవడానికో ఒక గోడ కావాలి. అల్లుడి కంటే అనువైన గోడ ఏ ఇంట్లోనూ దొరకదు. పైగా ఈ అల్లుడు ఎదురు చెప్పే రకం కాదు. ఆస్పత్రి వరండాలో ఆ రోజే, అడక్కముందే, "నేనే జరగమన్నాను మామయ్యా" అని ఒప్పేసుకున్నాడు.

"ఎల్లుండి ఆదివారం పెద్దలు కూర్చుంటారట కదా, గువ్వ సంగతి తేల్చడానికి" అన్నాడు అల్లుడు. "నేను దాన్ని తీసుకెళ్దామనుకుంటున్నా మామయ్యా. దాని మంచం బాగు చేయించాను. కింద పడకుండా పక్కన చెక్క కూడా కొట్టించాను."

మేస్త్రి సీటుని తిరగేసి స్పాంజి మీద దుమ్ము దులిపాడు.

"ముందు నన్ను అక్కడికి తీసుకెళ్ళు."

"ఎక్కడికి?"

"ఆ కోటకి. నా పిల్లని ఎక్కడ నిలబెట్టావో, నువ్వెక్కడ నిలబడ్డావో చూపించు. అక్కడ నిలబడి నా మొహం చూసి చెప్పు. ఆ తరవాత పిల్లని నీకివ్వాలో వద్దో ఆదివారం నేను చెప్తాను."

అల్లుడి హెల్మెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది. "మీరు ఎక్కలేరు మామయ్యా. మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా. చూసుకోమని నీకు అప్పజెప్పింది నా కూతుర్ని, నన్ను కాదు."

అల్లుడు పొద్దున్నే వస్తానని చెప్పి బండెక్కాడు. ఆ చప్పుడు పూర్తిగా పోయే దాకా మేస్త్రి కింద పడ్డ పిన్నుల కోసం వెతుక్కుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న భార్య రొట్టెలు కట్టిచ్చింది. సరిగ్గా ఒక్కడికి సరిపడా కట్టింది.

"వాడితో కలిసి తినకండి" అంది.

ఆవిడ మామూలుగా అలాంటి మనిషి కాదు. కుంటుకుంటూ వచ్చిన వీధి కుక్కకి కూడా కాలు పట్టుకుని కట్టు కట్టే మనిషి. ఈ ఒక్క విషయంలో మనసు రాయి చేసుకుంది. కాస్త కరిగినా మళ్ళీ తనని తాను కూడగట్టుకోలేనని ఆమె భయం.

గేటు దగ్గర మాత్రం గొంతు తగ్గించి అంది, "ఒక్క మాట అడగండి. ఫోటో అంటేనే మొహం తిప్పుకునే పిల్ల అది. పెళ్ళి ఫోటోల్లో కూడా పక్కచూపులే. ఆ రోజెందుకు నిలబడిందో అడగండి."

మేస్త్రి బండి వెనకున్న ఇనప కడ్డీని రెండు చేతులా పట్టుకుని, అల్లుడి వీపుకీ తనకీ మధ్య జానెడు ఖాళీ ఉంచి కూర్చున్నాడు. భుజం పట్టుకోవలసి వస్తుందేమోనని రాత్రే ఆలోచించి ఈ ఏర్పాటు చేసుకున్నాడు. ఆ సీటు తను కుట్టిందే. పెళ్ళయిన కొత్తలో, కూతురు కూర్చునే వైపు స్పాంజి ఒక పొర ఎక్కువ వేసి కుట్టాడు. ఇప్పుడు ఆ మెత్తదనం మీద తను కూర్చుని వెళుతున్నాడు. అది తలుచుకున్నప్పుడల్లా కాస్త పక్కకి జరగాలనిపించింది గానీ బైకు సీటు మీద జరగడానికి చోటెక్కడుంటుంది.

అల్లుడు నిదానంగా నడిపాడు. గుంత వస్తోందంటే ఎడం చెయ్యి కాస్త ఎత్తి ముందే చెప్పేవాడు. లారీ ఎదురైతే పూర్తిగా అంచుకి దిగి, అది పోయాక మళ్ళీ రోడ్డెక్కేవాడు. ఆ జాగ్రత్త చూస్తుంటే మేస్త్రికి ఒళ్ళు మండింది. ఇంత జాగ్రత్త తెలిసినవాడు ఆ రోజు దాన్ని ఏ గూట్లో పెట్టి వెళ్ళాడు? వీడు దూకుడుగా నడిపినా బాగుండును, తిట్టడానికి ఏదో ఒకటి దొరికేది అనుకున్నాడు.

ఇటుక బట్టీలు దాటాయి, పొలాలు దాటాయి. కొండ కనిపించింది. కొండ మీద కోట గోడ, ఎక్కడ రాయి ఆగి ఎక్కడ గోడ మొదలైందో తెలియకుండా కలిసిపోయి ఉంది. కూతురు దీని గురించి చాలా చెప్పేది. ఆదివారం వస్తే ఇద్దరూ బండేసుకుని ఏదో ఒక పాత కోటకి పోవడమే పని. "ఆ రాళ్ళలో ఏముందే" అని అడిగితే "ఏమీ లేదు నాన్నా, అందుకే బాగుంటుంది" అనేది. పిల్ల పుట్టాక కూడా అమ్మమ్మ దగ్గర వదిలి పోయేవాళ్ళు. అలా వదిలి వెళ్ళిన ఒక ఆదివారం నుంచే గువ్వ అమ్మమ్మ దగ్గర ఉండిపోయింది.

ఒక వంతెన దగ్గర ఆగారు. మేస్త్రి పిట్టగోడ మీద కూర్చుని పొట్లం విప్పాడు. అల్లుడు బండి అవతల నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అతని మొహమే చెబుతోంది. ఎదురుగా మనిషిని పెట్టుకుని ఒక్కడే తినడం మేస్త్రికి చేతకాదు. పిలిచి పెట్టడానికి మనసొప్పదు. కాసేపు రొట్టెలకేసి చూసి పొట్లం మళ్ళీ కట్టేశాడు.

"ఆకలి లేదు, పద" అన్నాడు.

కొండ కింద చెట్టు నీడన బండి పెట్టి ఎక్కడం మొదలుపెట్టారు. మెట్లు ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తున ఉన్నాయి. శత్రువుల కాళ్ళు నొప్పెట్టాలని రాజుగారే అలా కట్టించాడో, కట్టినవాళ్ళు బద్ధకించారో తెలియదు. శత్రువుల మాట ఎలా ఉన్నా, కుర్రకారు మాత్రం సెలవు రోజుల్లో వచ్చి ప్రతి రాతి మీదా తమ పేర్లు చెక్కి, ఖాళీ సీసాలు పారేసి పోతున్నారు. మొదటి ద్వారం కింద గబ్బిలాల కంపు. అది దాటాక ఎండ. మేస్త్రి మోకాలి మీద చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్కో మెట్టూ ఎక్కాడు. అల్లుడు రెండు మెట్లు పైన ఆగి చెయ్యి చాచేవాడు. మేస్త్రి ఆ చెయ్యి గాల్లో ఉండగానే పక్కనున్న రాయి పట్టుకుని ఎక్కేవాడు. ఇలా రెండో ద్వారం దాకా జరిగింది. అయినా ఆ చెయ్యి చాచడం ఆగలేదు.

రెండో ద్వారం దాటగానే ఎడం పక్కన రేకుల పాక, అందులో పొయ్యి పొగ కనిపించాయి. ఎవరో ముసలావిడ టీ అమ్ముతోంది. మేస్త్రి అటు తిరగబోతే అల్లుడు మోచెయ్యి పట్టుకుని ఆపాడు. పొద్దున్నుంచి మొదటిసారి అతన్ని ముట్టుకున్నాడు.

"ఇటు నుంచి దగ్గర మామయ్యా. అక్కడ టీ బాగోదు."

బురుజు కొండ కొసన ఉంది. అక్కడికి వెళ్ళే గోడ మీది దారి ఒకచోట తెగిపోయి, ఒక పెద్ద అంగ వేస్తే దాటేటంత ఖాళీ ఉంది. దాని పక్కన ఇనప కడ్డీలు పాతి, హెచ్చరిక పలక పెట్టారు. కడ్డీలకి వేసిన రంగు ఇంకా కొత్తగానే ఉంది. మేస్త్రి కడ్డీ పట్టుకుని కిందికి చూశాడు. కింద రాళ్ళు, వాటి మధ్య ముళ్ళ పొదలు, పొదల్లో చిక్కుకున్న ఒక ప్లాస్టిక్ కవరు గాలికి కొట్టుకుంటోంది.

"చెప్పు" అన్నాడు.

"ఇక్కడ నిలబడింది. నేను అక్కడి నుంచి తీస్తున్నా. కొంచెం వెనక్కి జరుగు అన్నాను. జరిగింది."

"ఫోటోలంటే దానికి గిట్టదుగా."

"నేనే బలవంతం చేశాను మామయ్యా."

"పడ్డాక ఏమైనా అందా? చివరికి?"

అల్లుడు తల తిప్పి లోయకేసి చూశాడు. "లేదు. ఏమీ అనలేదు."

పార్సిల్ మీది అడ్రసు చదివినట్టు చదివేశాడు మొత్తం. మేస్త్రి ఈ క్షణం కోసమే వచ్చాడు. ఈ మాట వినగానే వీణ్ణి చెంప మీద కొట్టాలని, వీడు ఏడిస్తే తను కూడా ఏడవాలని, ఆ తరవాత పిల్లని ఇచ్చేది లేదని చెప్పి కిందికి దిగాలని మనసులో అంతా కుట్టి పెట్టుకున్నాడు. తీరా చూస్తే చెయ్యి లేవలేదు. నోరు ఎండిపోయింది, అంతే.

"నువ్విక్కడే ఉండు. నేను టీ తాగొస్తా" అన్నాడు.

"నేను తెస్తాను మామయ్యా, మీరు కూర్చోండి."

"ఉండమన్నానా."

పాకలో ముసలావిడ అతన్ని చూడగానే రాతి పలక మీద గుడ్డ దులిపి వేసింది.

"కూర్చో అన్నా. మోకాళ్ళు పట్టేశాయా? ఈ కోట ముసలాళ్ళ కోసం కట్టింది కాదు. నన్ను అడిగితే కుర్రాళ్ళ కోసం కట్టింది కూడా కాదు."

ఆమె పొయ్యి ఊదుతుంటే మేస్త్రి గుంజకి వేలాడుతున్న సంచీ చూశాడు. బూడిద రంగు రెక్సిన్, అంచు వెంట సన్నటి తాడులా ఎర్ర పైపింగు. అలాంటి పైపింగు బైకు సీటుకి తప్ప సంచీకి ఎవరూ వెయ్యరు. వేసినవాడు అతనొక్కడే, అదీ కూతురి కోసం. రెండు పట్టీల్లో ఒకటి లేదు. ఆ పక్కన నులక తాడు కట్టి ఉంది. నోట్లోంచి టీ గ్లాసులు తొంగి చూస్తున్నాయి.

"ఆ సంచీ ఎక్కడిదమ్మా?" అని అడిగాడు.

"అదా, ఒక పిల్లదిలే. పాపం, చిన్న వయసు. ఆ ఇనప కడ్డీలు చూశావుగా, ఆ పిల్ల పోయాకే పెట్టారు. గోడ తెగినచోట దాటడానికి అంగ వేసింది. వేసీ వెయ్యగానే సంచీ పట్టీ పుటుక్కున ఊడిందట. నీళ్ళ సీసాలూ అవీ, బరువంతా ఒక పక్కకి ఊగి మనిషిని లాగేసింది. మా ఆయన మేకలతో అక్కడే ఉన్నాడు, కళ్ళారా చూశాడు. మొగుడు ఆ ముళ్ళలో పడి దిగి ఎత్తుకొచ్చాడు. ఇక్కడే పడుకోబెట్టాం. నువ్వు కూర్చున్న చోటే."

మేస్త్రి లేవబోయాడు. సగం లేచి మళ్ళీ అక్కడే కూర్చున్నాడు.

"ఫోటో తీస్తుంటే పడిందని విన్నాను" అన్నాడు.

"ఎవరన్నారు? ఫోటో లేదు, పాడూ లేదు. ఆ అబ్బాయి ముందు నడుస్తున్నాడు, పిల్ల వెనక వస్తోంది. జనం నోటికి అడ్డేముంది అన్నా, ఏదో ఒకటి అంటారు. ఈ సంచీ లోయలో పారెయ్యమని ఆ అబ్బాయే నా చేతికిచ్చాడు. ఎవరి కంటా పడకూడదని మరీ మరీ చెప్పాడు. నాకే మనసొప్పలేదు. ఇంత గట్టి సంచీ, ఒక పట్టీ పోయిందని పారేస్తామా?"

"ఒకసారి ఇలా ఇస్తావా?"

ఆమె గ్లాసులు తీసి సంచీ ఇచ్చింది. మేస్త్రి దాన్ని ఒళ్ళో పెట్టుకుని పట్టీ ఊడినచోట బొటనవేలితో తడిమాడు. కుట్టు తెగలేదు. దారం ఎక్కడిదక్కడే ఉంది. రెక్సినే చిరిగింది, సూది చిల్లుల వెంట, తపాలా బిళ్ళని దాని వరస లోంచి చింపినంత నున్నగా.

ఈ పని చేసేవాళ్ళకి మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. రెక్సిన్ బట్ట కాదు. బట్టలో సూది పోగుల మధ్య దారి చూసుకుని పోతుంది, బట్ట మళ్ళీ మూసుకుంటుంది. రెక్సిన్‌లో పడిన చిల్లు పడినట్టే ఉంటుంది. అందుకని కుట్లు ఎడంగా వెయ్యాలి, రెండు వరసలు మించి వెయ్యకూడదు. మేస్త్రి తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ ఈ మాట చెప్పాడు, వినకపోతే తల మీద మొట్టాడు. బయటివాళ్ళ సీట్లన్నీ అలాగే కుట్టాడు. ఈ సంచీ దగ్గరికి వచ్చేసరికి, కొండలెక్కే పిల్ల కదా అని కుట్టు చిన్నది చేశాడు. రెండు వరసలయ్యాక ఇంకోసారి తిప్పి మూడో వరస వేశాడు. తప్పని తెలుసు. తెలిసే, ఒక్క వరస కూతురి కోసం ఎక్కువ వేశాడు.

ముసలావిడ టీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఆ పిల్ల చివరి దాకా తెలివిలోనే ఉంది" అంది. "నా చేత్తోనే నీళ్ళు తాగింది. మొగుడి చెయ్యి పట్టుకుని ఒకటే మాట. సంచీ సంగతి నాన్నకి చెప్పకు, చెప్పనని ఒట్టెయ్యి అని. వాడు వేసేదాకా వదల్లేదు. పిల్లాపాపా ఉన్న మనిషికి కూడా తండ్రంటే అంత భయమేమిటి అన్నా? సంచీ చిరిగితే చంపేస్తాడా? ఎంత కఠినాత్ముడో ఆ తండ్రి."

"కఠినాత్ముడే" అన్నాడు మేస్త్రి.

టీ తాగాడు. చల్లారిపోయిన అడుగు చుక్క దాకా తాగాడు. సంచీ తిరిగి ఇస్తూ, మిగిలిన పట్టీని ఒకసారి లాగి చూశాడు.

"ఈ రెండోది కూడా పోతుందమ్మా. బరువు పెట్టకు."

బురుజు దగ్గర అల్లుడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. అడుగుల చప్పుడికి లేచి, మేస్త్రి మొహంలోకి భయంగా చూశాడు. పాకలో ఏం విన్నాడో ఆ మొహంలో వెతుకుతున్నాడని మేస్త్రికి తెలుస్తూనే ఉంది.

"టీ తాగారా?"

"తాగాను. నువ్వన్నట్టే, బాగోలేదు."

అల్లుడు ఊపిరి వదిలాడు.

దిగేటప్పుడు మెట్లు ఇంకా కష్టం. రెండో మలుపులో మేస్త్రి కాలు జారింది. అల్లుడు నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఈసారి మేస్త్రి విడిపించుకోలేదు. బరువంతా ఆ భుజం మీద వేసి దిగాడు. అన్నీ తెలిసిపోయాయిరా అనే మాట ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. మింగలేడు, కక్కలేడు. చచ్చిపోతూ కూతురు పుచ్చుకున్న మాట అది. పిల్ల దూరమైపోతున్నా నోరు మెదపకుండా ఆ మాటని వీడు మోస్తున్నాడు. ఊరంతా కలిసి తిట్టిన తిట్లన్నీ తనకి రావలసినవి, దారి తప్పి వీడి ఇంటికి చేరాయి. వీడు ఒక్కటీ తిప్పి పంపలేదు.

"ఒక్కడివీ గువ్వని చూసుకోగలవా?" అని అడిగాడు.

"పొద్దున పూట డ్యూటీకి మార్చుకున్నా మామయ్యా. అది బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటా. వంట వచ్చు. జడ వెయ్యడమే రాలేదు." అల్లుడు ఒక మెట్టు దిగి, మేస్త్రి దిగే దాకా ఆగాడు. "ఇప్పుడు వచ్చు. ఆఫీసులో ఒక అక్క నేర్పింది. పార్సిళ్ళు కట్టే తాడు మూడు పాయలు చేసి దాని మీద నేర్చుకున్నా."

మేస్త్రికి ఏడుపు ఆగలేదు. మోకాలు నొప్పి అన్నాడు. అల్లుడు నమ్మినట్టే ఉన్నాడు.

కింద చెట్టు నీడన మేస్త్రి పొట్లం విప్పి రొట్టెలు సగం చేశాడు. ఇద్దరూ తిన్నారు.

ఆదివారం పెద్దమనిషిగా బావగారు వచ్చాడు. మేస్త్రి భార్యకి అన్న. బతుకంతా బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా ఎదుటివాడు టిక్కెట్టు లేకుండా ఎక్కినట్టే చూస్తాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో ఆయన కూర్చున్నాడు. అల్లుడు గుమ్మం పక్కన నిలబడ్డాడు. మేస్త్రి భార్య గోడకి ఆనుకుని కింద కూర్చుంది. గువ్వని పక్కింటికి పంపించారు.

"ఇందులో తేల్చేదేముంది" అన్నాడు బావగారు. "పిల్ల ఇక్కడే ఉంటుంది. నువ్వు నెలకోసారి వచ్చి చూసుకో. రేపు మళ్ళీ పెళ్ళి చేసుకుంటావు, ఈ పిల్ల ఎవరికి కావాలి? అయినా అబ్బాయ్, ఫోటో పిచ్చితో కట్టుకున్నదాన్నే చంపుకున్నావు. నీ చేతికి పసిదాన్ని ఎలా ఇస్తామనుకున్నావు?"

అల్లుడు తల దించుకుని నిలబడ్డాడు. పిల్లని ఇచ్చెయ్యండి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుందామని మేస్త్రి రాత్రంతా అనుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, తెలియనివాళ్ళని తెలియనట్టే ఉండనిద్దామనుకున్నాడు. చంపుకున్నావు అన్న మాట విన్నాక అలా కుదరలేదు.

"అతను చంపలేదు బావా. ఫోటో లేదు, ఏమీ లేదు. నేను కుట్టిచ్చిన సంచీ పట్టీ చిరిగింది. దాని బరువుకే పడింది. రెక్సిన్‌కి రెండు వరసలు చాలు. నేను మూడోది వేశాను. నిన్న నా చేత్తో తడిమి చూశాను."

అల్లుడి మొహం పాలిపోయింది.

"కాదు" అన్నాడు. "మామయ్య ఏదో పొరబడ్డారు. సంచీకి ఏమీ కాలేదు. నేనే జరగమన్నాను."

"విన్నావా" అన్నాడు బావగారు చెల్లెలితో. "నేరం చేసినవాడే చేశానంటున్నాడు. ఈయన లేదంటాడు. నిన్న ఎండకి తల తిరిగిందో, దారిలో వీడు ఏం నూరిపోశాడో."

నిజం చెప్తే ఎవరూ నమ్మకపోవడం ఎలా ఉంటుందో మేస్త్రి మొదటిసారి చూశాడు. అబద్ధాన్ని అందరూ ఎంత సులువుగా నమ్మారో, అందులో తనే మొదటివాడు ఎలా అయ్యాడో కూడా గుర్తొచ్చింది. అల్లుడికేసి చూశాడు. అల్లుడు వద్దన్నట్టు చాలా చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

భార్య ఆ తల ఊపడం చూసింది.

లేచి అల్లుడి ముందుకొచ్చి నిలబడింది. "నా మొహం చూసి చెప్పు" అంది.

"నేనే జరగమన్నాను అత్తయ్యా" అన్నాడు అల్లుడు. ఆమె పాదాలకేసి చూస్తూ అన్నాడు.

ఆమె అతని వంచిన తలకేసి చూసింది. తరవాత లోపలికెళ్ళింది. బీరువా తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. గువ్వ గౌన్లు మడత పెట్టి సంచీలో సర్దుకుని వచ్చింది.

"చలి మొదలైతే దానికి దగ్గొస్తుంది. గోరువెచ్చటి నీళ్ళే పట్టు. పడుకునేటప్పుడు ఎడం చెయ్యి ఎవరో ఒకరు పట్టుకోవాలి, లేకపోతే లేస్తుంది" అంది. "భోంచేసి తీసుకెళ్ళు. ఆదివారాలు ఇద్దరూ రండి."

"అమ్మాయ్, నీకు మతి పోయిందా" అన్నాడు బావగారు.

"చాల్లే అన్నయ్యా" అంది ఆమె. "అందరం చాలా అన్నాం."

సాయంత్రం గువ్వని బండి ముందు కూర్చోబెట్టుకుని అల్లుడు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మేస్త్రి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని వదిలాడు. గువ్వ మలుపు తిరిగే దాకా వెనక్కి చూసి చెయ్యి ఊపింది.

మధ్యాహ్నం నుంచీ భార్య మేస్త్రితో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం వడ్డించింది, నీళ్ళు పెట్టింది, మొహంలోకి చూడలేదు. అతను కొట్టులోకి వచ్చి మిషను ముందు కూర్చున్నాడు గానీ ఏ పనీ ముట్టుకోలేదు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో కోపానికి ఒక గోడ ఉంది. ఇక నుంచి ఆ గోడ తను. అది న్యాయమే. ఆమె ఎన్ని అన్నా పడాలని, ఒక్కదానికీ ఎదురు చెప్పకూడదని, ఆ పని ఎలా చెయ్యాలో అల్లుణ్ణి చూసి నేర్చుకున్నానని అనుకుంటూ ఎదురుచూశాడు.

చీకటి పడుతుండగా ఆమె వచ్చి పక్కనున్న స్పాంజి కట్ట మీద కూర్చుంది. చాలాసేపు చీర కొంగు అంచు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఆ మూడో వరస నేనే కదండీ వెయ్యమన్నది" అంది చివరికి. "రెండు చాలని మీరంటూనే ఉన్నారు. కొండలెక్కే పిల్ల, గట్టిగా కుట్టండని నేనే ఇక్కడ నిలబడి పోరు పెట్టాను. మీరు మరిచిపోయినట్టున్నారు. నాకు గుర్తుంది."

మేస్త్రి ఆమెకేసి చూశాడు. ఆ సంచీ కుట్టిన వారమంతా ఆమె ఊళ్ళోనే లేదు. అక్కకి ఆపరేషనైతే తోడుండటానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి కూతురు సంచీ తీసుకెళ్ళిపోయింది కూడా.

ఆమె జవాబు కోసం చూస్తోంది. కాదంటాడేమోనని కొంగు అంచు పిడికిట్లో బిగించింది.

"అవును" అన్నాడు మేస్త్రి. "నువ్వే అన్నావు."